బ్యాటరీకి కాపలా పెట్టిన కంప్యూటరు

శుక్రవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. కంప్యూటరు స్క్రీను మూలన కనబడే టైము చదివాను కాబట్టి అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. తల నెరిశాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కనబడిందల్లా చదివే అలవాటు ఇప్పటికీ పోలేదు.

నా తమ్ముడు ఏళ్ల తరబడి కంకర మిషను దుమ్ములో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషను నడుస్తుంటేనే వాడికి గాలి. మా ఊరు ఉదయగిరి దాటి లోపలికి ఉంది. కరెంటు పోతే యూపీఎస్ బ్యాటరీ ఆ మిషనును నడపాలి, అది అయిపోయేలోగా ఆత్మకూరు నుంచి ఆక్సిజన్ సిలిండరు రావాలి. ఆటోలో గంటకు పైనే దారి. బ్యాటరీ మూడు గంటలు వస్తుందని అమ్మినప్పుడు చెప్పారు. ఎంత మిగిలిందో చూపించి, తగ్గితే గంట కొట్టేటట్టు, మనవరాలు వాడి వదిలేసిన కంప్యూటరును దానికి తగిలించమని ఆత్మకూరు మెకానిక్కును పిలిపించాను.

అతను యూపీఎస్ వెనక నుంచి వైరు లాగి కంప్యూటరుకు గుచ్చాడు. నాకు ఇంగ్లీషు రాదంటే స్క్రీను మీద తెలుగు పడేటట్టు చేశాడు.

"ఎంతకొచ్చినాక గంట మోగాల, పెద్దాయనా?"

"సగానికి. ఆటో వచ్చేదానికి టైముండాల గదా."

"పెండ్లికి బ్యాండు పెట్టినట్టు పెడతా ఉండావే అన్నా," అన్నాడు తమ్ముడు మంచం మీద నుంచి, ముక్కుకు గొట్టంతోనే. "నేను పోయేది ఊరంతా వినాలనా?"

"నోరు మూసుకోరా. గాలి దండగ."

మెకానిక్కు పరీక్షకని మెయిను ఆపాడు. ఫ్యాను ఆగింది, మిషను ఆగలేదు. స్క్రీను మీద నూరు శాతం. మేం కాఫీ తాగేలోపల అరవై ఎనిమిది. అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏముండాదన్నా అందులో?" అన్నాడు తమ్ముడు. వాడికి అక్షరం రాదు. నేను స్క్రీనుకు ఇంకా దగ్గరగా వంగాను.

"చదువొచ్చిందని ఊరంతా చెప్పుకోని తిరిగినావే. ఇప్పుడు చదువు."

"ఇంక ఇరవై రెండు నిమిషాలే వస్తాదంట," అన్నాను.

మెకానిక్కు మెయిను వేసి, బ్యాటరీ మూత తిప్పి లైటు కొట్టి చూశాడు. మా బిందెల అడుగున కట్టే తెల్లటి పొరే లోపలా కట్టి ఉంది.

"ఏం నీళ్లు పోసినారు దీంట్లో?"

మరదలు ముందుకొచ్చింది. గొర్రెల తొట్టి ఏనాడూ ఎండనివ్వని మనిషి. "బోరు నీళ్లే నాయనా. మేం తాగేటియే. వారం వారం వడగట్టి పోస్తా ఉండాను. ఎండిపోతే ఆయనకు గాలి ఆగిపోతాదని."

"అంగట్లో అమ్మే బ్యాటరీ నీళ్లే పొయ్యాలమ్మా. ఈ ఉప్పు నీళ్లకి లోపల ప్లేట్లు చచ్చిపోయినాయి."

ఆ ముక్క బ్యాటరీ మీద రాసే ఉందట, ఇంగ్లీషులో. మరదలు అక్కడే కూలబడింది.

"ఏమే, ఏడిస్తే అది నిండతాదా? ఆ నీళ్లు తాగే గదా నేనిన్నాళ్లు ఉండాను," అన్నాడు తమ్ముడు. నవ్వబోతే దగ్గు పట్టుకుంది.

కొత్త బ్యాటరీ సోమవారం గానీ రాదన్నాడు మెకానిక్కు. అందాకా సిలిండరైనా తెచ్చి ఇంట్లో పెట్టుకుందామని ఆత్మకూరుకు ఫోను చేశాను. ఒక్కటీ మిగల్లేదు, అన్నీ బయటికి పోయాయన్నారు. మెకానిక్కు గంటను సగానికి కాకుండా కరెంటు పోయిన వెంటనే మోగేటట్టు మార్చాడు. మోగితే ఎక్కడికి పరిగెత్తాలో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తమ్ముడు నీళ్లడిగాడు. మరదలు గ్లాసు నింపి, వెలుతురుకు ఎత్తి చూసి, ఇవ్వడానికి చెయ్యి రాక నిలబడిపోయింది.

ఆ పదకొండు గంటల పది నిమిషాలకు గదిలో ఉన్నవాళ్లం ఇంతే: మంచం మీద తమ్ముడు, గ్లాసుతో వాడి పెళ్లాం, వైర్లు సర్దుకుంటున్న ఆత్మకూరు మెకానిక్కు, స్క్రీను ముందు నేను.