ముందు నా మాట చెప్పు

మా పక్కింటి ఇంజనీర్ అంకుల్ పోయిన వారం నిద్రలోనే కన్నుమూశారు. ఆ కబురు నాకు చెప్పింది ఆయన ప్రాణస్నేహితుడు డాక్టర్ అంకుల్. ఫోన్‌లో "వాడు పోయాడమ్మా" అన్నారు. "వాదన తేలకుండానే" అని కూడా అన్నారు.

ఆ వాదన సంగతి న్యూయార్క్‌కి దగ్గర్లోని మా ఊరు పిస్కాటవేలో వీధివాళ్లందరికీ తెలుసు. న్యూయార్క్ జంట టవర్లు విమానాలు గుద్ది, మంటలు రేగి కూలాయా, లేక లోపల మందుగుండు పెట్టి కూల్చారా? ఎత్తయిన భవనాలకు ఉక్కు లెక్కలు కట్టి రిటైరైన ఇంజనీర్ అంకుల్‌ది మొదటి పక్షం. తెల్లారిలేస్తే ఫోన్‌లో వీడియోలు చూసే డాక్టర్ గారిది రెండోది. ఆదివారాలు మా ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద, నా కాఫీ తాగుతూ, నన్ను జడ్జిని చేసి మరీ పోట్లాడుకునేవారు. అంకుల్‌దే ఒప్పని నాకు మొదటి ఆదివారమే తేలిపోయింది. నా తీర్పు మాత్రం ఇద్దరికీ అక్కర్లేకపోయింది.

అంకుల్ ఒక నియమం పెట్టారు. ముందు ఎదుటివాడి మాట నువ్వు చెప్పాలి. అతను తలూపాకే నీ మాట మొదలెట్టాలి. డాక్టర్ గారి వాదనను ఆయనకన్నా అంకులే బాగా చెప్పేవారు. "కిటికీల్లోంచి దుమ్ము చిమ్మిందన్న పాయింట్ మర్చిపోయావురా, నీకు పనికొస్తుంది" అని అందించేవారు కూడా. ఆ తర్వాత తీరిగ్గా విప్పేవారు. "పైఅంతస్తులు మీద పడుతుంటే లోపలి గాలి ఎటు పోతుంది? అన్ని స్తంభాలకీ మందు కట్టాలంటే గోడలు విప్పాలిగా, ఆఫీస్‌లో ఒక్కరూ చూడలేదా?"

డాక్టర్ గారి వంతు వచ్చేసరికి మాత్రం, "నీ మాట సరేలే గానీ" అని దాటేసేవారు.

"ఒప్పుకోనక్కర్లేదురా. నేనన్నది నేనన్నట్టు ఒక్కసారి చెప్పు, చాలు" అనేవారు అంకుల్. నవ్వుతూనే అనేవారు కానీ, ఆయన మనసులో కోరిక అదేనని నాకు తెలుసు. ఆ నియమం నేను ఆఫీస్ మీటింగుల్లో ఇప్పటికీ పాటిస్తాను. సగం కోపాలు అక్కడే చల్లారతాయి. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

నిన్న సంస్మరణ సభలో అందరూ ఆయన మంచితనం గురించి మాట్లాడారు. చివర్లో డాక్టర్ గారు లేచి, మాకు వీపు పెట్టి, ఫొటోకి ఎదురుగా నిలబడ్డారు.

"ఉక్కు కరగక్కర్లేదంటావు. మంటకి మెత్తబడితే చాలంటావు. ఫ్లోర్లు కుంగి, బయటి స్తంభాల్ని లోపలికి లాగేశాయంటావు. పైభాగం ఒక్కసారి కదిలాక, ఆ బరువుని కింది అంతస్తులేవీ ఆపలేవంటావు."

ఒక్క ముక్క తప్పు పోలేదు.

"ఇదేనా నీ మాట?"

అడిగి కూర్చోలేదు. తన వంతు మొదలెట్టాలంటే అవతలివాడు తలూపాలి కదా, ఫొటో వైపే చూస్తూ అలాగే నిలబడ్డారు.