చమురు బావికి అటూ ఇటూ సువ్లూ మామయ్య

మీరు ఔనంటే కాదంటాడు, కాదంటే ఔనంటాడు. మా ఆయన మేనమామ సువ్లూ మామయ్యకున్న జబ్బల్లా ఇదే. దీనికి మందు లేదని మా ఊరి నర్సు తేల్చేసింది. ‘ఉంది’ అన్నాడాయన.

అలాస్కా ఉత్తరపు ఒడ్డున, సముద్రం పక్కనే మా ఊరు. ‘‘ఈ ఏడు మంచు ఎంత దూరం జరిగిపోయింది మామయ్యా!’’ అన్నాను ఓసారి.

‘‘మంచు అక్కడే ఉంది. నీ చూపే తగ్గింది.’’

మర్నాడు, ‘‘అవును మామయ్యా, మంచు అక్కడే ఉంది’’ అన్నాను.

‘‘ఏదీ? కళ్ళు పెట్టుకు చూడు, అంతా నీళ్ళే!’’

చర్చిలో పాదిరిగారు దేవుడొక్కడే అంటే, ‘‘లెక్కపెట్టావా?’’ అని అడిగిన మనిషి.

పోనీ ఒకచోట కూర్చుని వాదిస్తాడా? కూర్చోడు. నిలబడే టీ తాగుతాడు, సగం కప్పు వదిలేసి ఇంకో ఇంటికి పరుగు.

సముద్రంలో చమురు తవ్వుతామని కంపెనీవాళ్ళు రావడంతో ఆయన పంట పండింది. ఊరు రెండుగా చీలింది. ఊరి హాల్లో సభ పెట్టి, ఒక్క చుక్క కూడా ఒలకదన్నాడు కంపెనీ మనిషి.

‘‘ఒలుకుతుంది!’’ లేచాడు మామయ్య. తవ్వకం వద్దనేవాళ్ళు చప్పట్లు కొట్టి, తమ నినాదం రాసిన టోపీ ఒకటి ఆయన నెత్తిన పెట్టారు. వాళ్ళ నాయకురాలు లేచి, తప్పకుండా ఒలుకుతుందంది. ‘‘నువ్వు చూశావా? ఒలకదు!’’ అన్నాడు. కంపెనీవాళ్ళూ ఓ టోపీ ఇచ్చారు. రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

ఆ సభలోనే మా ఇల్లూ చీలింది. మా ఆయన రూఫస్ తిమింగలాలు వేటాడే మనిషి. తవ్వితే ఆ చప్పుడుకి అవి ఇటు రావని ఆయన భయం. పిల్లలకు ఉద్యోగాలొస్తాయని మా బావగారు ఎనోక్ ఆశ.

‘‘కంపెనీకి అమ్ముడుపోయావ్!’’ అన్నాడు రూఫస్.

‘‘నీ స్నోమొబైల్లో ఏం పోస్తున్నావురా, తిమింగలం నెయ్యా?’’ అన్నారు బావగారు.

అంతే. మాటలు బంద్.

ఆగస్టులో వానలు పట్టాయి. మా మామగారు గడ్డకట్టిన నేలలో తవ్విన మంచుకొట్టు ఎన్నడూ లేనిది కరగడం మొదలెట్టింది. శీతాకాలానికి దాచిన తిమింగలం మాంసమంతా అందులోనే ఉంది. రూఫస్ బకెట్లతో నీళ్ళు తోడుతున్నాడు. తోడేకొద్దీ ఊరుతున్నాయి. పంపు బావగారి దగ్గరుంది.

‘‘చచ్చినా వాడి గుమ్మం తొక్కను’’ అన్నాడు రూఫస్.

‘‘తొక్కకు. వాడెలాగూ రాడు’’ అన్నాడు పైనుంచి తొంగిచూస్తున్న మామయ్య.

ఈ మనిషి ఒకరి మాటకు ఒప్పుకోవడమా! కాలు నిలవక, రూఫస్‌కు చెప్పకుండా పంపు అడగడానికి నా తోడికోడలు నాయుక్ దగ్గరికి పరిగెత్తాను. నేను నోరు తెరిచేలోపే మామయ్య ఊడిపడ్డాడు.

‘‘ఎనోక్! తమ్ముడి కొట్టులో నీళ్ళొచ్చాయి. నువ్వు మాత్రం వెళ్ళకు. వాడి మాంసం కుళ్ళితే కుళ్ళనీ.’’

‘‘వాడి మాంసమేంటి? మా నాన్న తవ్విన కొట్టది!’’

‘‘అయినా వెళ్ళకు. వాడు గెంటేస్తాడు.’’

‘‘గెంటమను చూద్దాం!’’ బావగారు పంపు భుజానికెత్తుకున్నారు.

మేం వెళ్ళేసరికి, మాకంటే ముందే చేరిన మామయ్య కొట్టు అంచున నిలబడి అరుస్తున్నాడు. ‘‘ఒరేయ్ రూఫస్, వాణ్ణి దిగనివ్వకు!’’

‘‘మా అన్నని దిగొద్దనడానికి నువ్వెవరు?’’ లోపలినుంచి గర్జించాడు మా ఆయన. ‘‘నిచ్చెన జారుతుంది, చూసి దిగు అన్నా!’’

పంపు మోగింది. అన్నదమ్ములిద్దరూ మాంసం పైకి అందిస్తూ చమురు గురించి మళ్ళీ పోట్లాట మొదలెట్టారు. నోళ్ళూ ఆగలేదు, చేతులూ ఆగలేదు. చాలావరకు మాంసం దక్కింది. ఆ కొట్టు వచ్చే వేసవికి ఉంటుందో లేదో మాత్రం ఎవరికీ తెలీదు.

ఫ్లాస్కులోంచి టీ పోసిస్తూ మెల్లగా అడిగాను. ‘‘నిజం చెప్పు మామయ్యా, తవ్వాలా వద్దా? నువ్వెటు?’’

‘‘చెబితే రేపట్నుంచి ఒక్కింట్లోనే టీ దొరుకుతుంది.’’

సగం కప్పు నా చేతిలో పెట్టేసి, అప్పుడే కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

‘‘మళ్ళీ ఎక్కడికి?’’

‘‘పాదిరిగారింటికి. తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుని వారమైందట. నేనెళ్ళి ఇద్దర్నీ ఓసారి తిట్టాలి.’’