ఒక మీటరు, మూడు చెరువులు

తెనాలిలో కంప్యూటర్ ఉద్యోగమని పొరపాటున నోరు జారితే చాలు, "ఏ లాంగ్వేజ్?" అని అడుగుతారు. కూరగాయల బండి దగ్గర కలిసిన పక్కింటి పిన్నిగారు అడిగారు. గ్యాస్ బండ తెచ్చినతను కూడా అడిగాడు, వాళ్లబ్బాయి జావా నేర్చుకుంటున్నాడట. నాకు ఒళ్లు మండేది, ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు. నేను బాపట్లలో వ్యవసాయం చదివాను. ఏ మట్టిలో ఎంత చౌడు ఉందో అడిగితే చెబుతాను. చదువయ్యాక కొన్నేళ్లు ఎరువులు అమ్మే సంస్థలో ఎక్సెల్ షీట్లు నింపుతూ కూర్చున్నాను. ఆ షీట్లో ఏ అంకె ఎందుకుందని నేను అడిగితే, "మీకెందుకండీ, నింపండి" అనేవారు. నాకేమో పుట్టుకతోనే ఆరా తీసే జబ్బు. ఆ జబ్బున్న మనిషికి అలాంటి ఉద్యోగం జైలే.

అందుకే మా ఊళ్లో బట్టల కొట్టు పైఅంతస్తులో ఉన్న చిన్న కంపెనీకి, బిగ్ డేటా పనికి మనుషులు కావాలని తెలియగానే వెళ్లాను. వాళ్ల పని నాకు మొదటిరోజే తెగ నచ్చేసింది. రైతులు కొనుక్కున్న మీటర్లను రొయ్యల చెరువుల్లో దింపుతారు. అవి నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో, ఉప్పు ఎంతుందో నిమిషనిమిషానికీ కొలిచి పంపుతాయి. ఆ కొలతలన్నీ కూడేసి, మర్నాడు తెల్లవారుజామున ఏ చెరువులో ఆక్సిజన్ పడిపోయేలా ఉందో ముందురోజే రైతు ఫోనుకు మెసేజ్ పంపాలి. ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు చచ్చి తేలతాయి. ముందే తెలిస్తే నీటిని చిలికే ఏరియేటర్లు వేసుకుని పంటను కాపాడుకుంటారు.

నన్ను ఇంటర్వ్యూ చేసిన మా టీమ్ లీడ్ నాకన్నా చిన్నవాడు. అయినా ఆఫీసు కదా, సార్ అనేదాన్ని.

"జావా వచ్చా మేడమ్?"

"రాదండి."

"పైథాన్?"

"పేరు విన్నానండి."

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పోనీ, రొయ్యల గురించి తెలుసా?"

"అవి తెలుసండి."

నవ్వేశాడు. "సరే, ఈ పంట పట్టుబడి అయ్యేదాకా చూద్దాం. అప్పటికి మీరు పని లాక్కురాగలిగితే ఉంటారు. మా యజమాని వచ్చి పరీక్ష పెడతారు, అది మాత్రం నా చేతుల్లో లేదు" అన్నాడు. పట్టుబడి అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం. అంటే రొయ్యలు పెరిగే లోపల నేను కూడా పెరగాలన్నమాట. లేకపోతే మళ్లీ ఎరువుల షీట్లే.

బిగ్ డేటా అంటే పొద్దస్తమానం అర్థం కాని కోడ్ రాయడమని భయపడ్డాను. తీరా చూస్తే మొదట్లో నాకు కావలసింది ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాష ఒక్కటే. ఫలానా వారంలో, బాపట్ల వైపు చెరువుల్లో, ఉప్పు ఇంతకన్నా ఎక్కువున్నవి చూపించు అంటే చూపిస్తుంది. ఎలా వెతకాలో మనం చెప్పక్కర్లేదు, ఏం కావాలో తేల్చి చెబితే చాలు. ఇంట్లో ఎవరికైనా పని పురమాయించినట్టే ఉంది, పైగా ఎదురు మాట్లాడదు! బాపట్ల నుంచి రేపల్లె దాకా ఉన్న చెరువుల కొలతలు ఏళ్ల తరబడి పేరుకుపోయి ఒక కంప్యూటర్‌లో పట్టక, చాలా యంత్రాలు వాటిని పంచుకుని మోస్తున్నాయి. అయినా నా ప్రశ్నకు జవాబు టీ చల్లారేలోపు వచ్చేసేది. దీనికా ఊరంతా జావా జావా అని నన్ను చంపుకు తిన్నది, అనుకున్నాను. ఆ ధీమా రేపల్లె చెరువు దగ్గర దిగింది.

రేపల్లె అవతల ఒక చెరువు విషయంలో మేం పంపిన మెసేజ్‌లన్నీ తప్పుతున్నాయి. పడిపోతుందన్న రోజున ఆక్సిజన్ నిక్షేపంగా ఉంటోంది. ఏమీ ఫర్వాలేదన్న రోజున పడిపోతోంది. ఆ రైతు ఫోన్ చేసి, "మీ మెసేజులు చూట్టం మానేశామండి, అనవసరంగా కరెంటు కాలిపోతంది" అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. మా లీడ్ లెక్క కట్టే ప్రోగ్రామ్ మొత్తం తిరగేశాడు. అందులో తప్పు కనిపించలేదు. నేను ప్రోగ్రామ్ జోలికి పోలేదు, పోవడానికి నాకు వస్తేగా. కొలతల వైపు చూస్తూ కూర్చున్నాను.

చూడగా చూడగా ఒక వింత కనిపించింది. ఆ చెరువులో ఉప్పు కొన్నాళ్లు నిలకడగా ఉంటుంది, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి సగానికి పడిపోతుంది. మళ్లీ కొన్నాళ్లు నిలకడ. తర్వాత ఇంకో మెట్టుకి ఎక్కుతుంది. ఎటు తిరిగినా ఆ మూడు మెట్లే, అదే వరసలో. వాన పడితే ఉప్పు తగ్గుతుంది గానీ, చెరువెడు నీళ్లు ఒక్క పూటలో మారిపోవు. నీళ్లు మారడం లేదంటే మారుతున్నది మీటరే అయ్యుండాలి. అప్పుడు నాకు మా నాన్న ఆయిల్ ఇంజను గుర్తొచ్చింది. కొల్లిపర దగ్గర మా పొలాలకు నాన్న, బాబాయిలు కలిసి ఒకే ఇంజను కొన్నారు. వంతులు వేసుకుని, ఒకరి చేలో తడి అయిపోగానే బండి మీద పెట్టి ఇంకొకరి చేలోకి లాక్కుపోయేవారు. ఎవరి వంతు ఎప్పుడో ఎక్కడా రాసుకునేవారు కాదు. ఇంట్లో చిన్నపిల్లల దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

నాకు కాలు నిలవలేదు. మర్నాడు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరు ఎక్కేశాను.

గట్టు మీద ఆ చెరువు వాళ్లు, ముగ్గురన్నదమ్ములు ఉన్నారు. పెద్దాయనకు నమస్కారం పెట్టి, "బాబాయ్ గారూ, ఈ మీటరు ఎప్పుడూ ఈ చెరువులోనే ఉంటుందాండీ?" అని అడిగాను.

"ఎందుకుంటదమ్మా? ముగ్గురం కలిసి కొన్నాం కదా, వంతులేసుకున్నాం. ఇప్పుడు నడిపోడి వంతు."

"మరి మాకు చెప్పలేదేంటండీ?"

ఆయన నా వంక ఆశ్చర్యంగా చూశాడు. "చెప్పేదేముందమ్మాయ్? ఎవరి వంతు ఎప్పుడో మాకు తెలుసుగా!"

కడుపుబ్బా నవ్వుకున్నాను. పెద్దాయన చెరువుకు ఉప్పు కాలువ నీళ్లు, నడిపాయన చెరువుకు బోరు నీళ్లు, చిన్నవాడిది రెండూ కలిపిన నీళ్లు. మా ప్రోగ్రామేమో పాపం ఆ మూడూ ఒకే చెరువనుకుని, పెద్దాయన నీళ్లను చూసి చిన్నవాడి చెరువుకు జోస్యం చెబుతోంది. చిన్నవాడు నన్ను పక్కకు పిలిచి, "అక్కా, నాది ఈసారి ఒత్తుగా వేసిన పంట. గాలి చాలకపోతే మొత్తం పోద్ది. కాస్త సరిచేసి పెట్టండి" అన్నాడు. ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది.

కారణం తెలిసింది కదా, ఇంకేముంది అనుకుంటూ ముగ్గురి ఫోను నంబర్లూ రాసుకుని తెనాలి వచ్చాను. మా లీడ్ చప్పట్లు కొట్టి, "మరి ఇలా ఇంకెంతమంది వంతులేసుకున్నారో? అన్ని చెరువుల్లో ఉప్పు మెట్లు పట్టుకుని, ఏ కొలత ఎవరిదో విడదీయాలి మేడమ్. దీనికి ఎస్‌క్యూఎల్‌తో కుస్తీ పట్టేకన్నా పైథాన్ నయం. మీరే రాయండి" అన్నాడు. ఏం చేయాలో నాకు పూసగుచ్చినట్టు తెలుసు, దాన్ని చెప్పే భాషే రాదు. తెలిసిన సంగతి నోట్లోంచి బయటకు రాకపోతే ఎంత ఉక్రోషంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. పదేపదే తప్పులు చూపించే ఆ ఎర్ర అక్షరాలను చూసి ఒకసారి ఏడ్చాను కూడా.

ఎలాగో రాశాను. రేపల్లె మీటరు ఒక్కదాని మీద చక్కగా పనిచేసింది. అన్ని చెరువుల మీదా వదిలితే గంటల తరబడి గిరగిర తిరిగి చతికిలబడింది. కోడ్‌లో తప్పు లేదే! లీడ్‌ను అడిగితే, "మీరు కొలతలన్నీ ఒక్కో యంత్రం దగ్గర్నుంచి లాక్కొచ్చి ఒకేచోట కూర్చోబెట్టి, ఒక్కొక్కటే చూస్తున్నారు మేడమ్. మరి అన్ని యంత్రాలెందుకు?" అన్నాడు.

ఆ మాట బుర్రకెక్కడానికి మళ్లీ పొలంలోకే వెళ్లాల్సి వచ్చింది. నాట్లకు వచ్చిన ముఠాను ఒకే మడిలో నిలబెడితే ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటారు. మడికి ఇద్దర్ని చొప్పున పంపి, వాళ్ల నారు కట్టలు వాళ్ల గట్టు మీదే వేస్తే పొలమంతా ఒకేసారి సాగుతుంది. నేను చేయాల్సింది కూడా అదే. ఏ మీటరు కొలతలు ఆ మీటరువి ఒక యంత్రం దగ్గరికి చేర్చి, నా నియమం అన్నింటికీ చెప్పి, ఎవరి పని వాళ్లను చేసుకోనివ్వాలి. మార్చింది కొద్ది వరసలే. టిఫిన్ తిని వచ్చేసరికి పని అయిపోయింది. అక్కడ నాకు అడ్డుపడింది పైథాన్ వ్యాకరణం అనుకున్నాను గానీ, కొలతలు ఎక్కడెక్కడ కూర్చున్నాయో తెలియకపోవడమే అడ్డుపడింది. అయితే ఆ వ్యాకరణం కొంచెమైనా రాకపోయి ఉంటే ఈ సంగతి తెలిసీ ఏం చేయగలిగేదాన్ని?

పట్టుబడి రోజులు వచ్చాయి. యజమాని దిగాడు. నా ముందు తెల్లకాగితం పెట్టి, ఏవో అంకెల చిక్కుముడి ఇచ్చి, ప్రోగ్రామ్ రాయమన్నాడు. "రాదండి" అని కాగితం వెనక్కి ఇచ్చేశాను. అయిపోయింది, రేపటి నుంచి ఎరువుల షీట్లే అనుకున్నాను. లీడ్ మధ్యలో కల్పించుకుని, "సార్, రేపల్లె వంతుల ప్రోగ్రామ్ వీరిదే" అన్నాడు. యజమాని తెరిచి చూపించమన్నాడు. పైనుంచి కింద దాకా ఏ వరస ఎందుకు రాశానో చెప్పుకుంటూ పోయాను.

"ఆ చిన్న లెక్క రాలేదు. ఇది ఎలా రాశారు?" అన్నాడాయన.

"ఇందులో నాకేం కావాలో నాకు తెలుసండి."

ఆయన లీడ్ వైపు తిరిగి, "ఉంచుకోండి. భాష కూడా సరిగ్గా నేర్పించండి" అన్నాడు. మెట్ల మీద ఎవరూ లేకుండా చూసుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఆ వారంలోనే రేపల్లె అన్నదమ్ముల్లో చిన్నవాడు ఫోన్ చేశాడు. "అక్కా, మెసేజ్ నా ఫోనుకే వచ్చింది! ఏరియేటర్లు ముందే వేశాను, పంట నిలబడింది. అది నా చెరువని దానికెట్లా తెలిసిందండీ?" అన్నాడు. ఉప్పును బట్టి అని చెప్పబోతుండగానే, "ఇంకో మాటక్కా. మీటరు ఇంత బాగా చెబుతుంటే ఇంకా వంతులేంటని తలొకటి కొనేశాం" అన్నాడు.

నా ఉద్యోగాన్ని నిలబెట్టిన ప్రోగ్రామ్‌కు రేపల్లెలో ఇక పని లేదు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లీడ్ ఆ రోజు సెలవు. మూడు కొత్త మీటర్లు వస్తే పాత వంతుల లెక్క అడ్డం పడుతుంది కాబట్టి, ఫైలు తెరిచి ఆ చెరువులకు సంబంధించిన వరసలు ఒక్కొక్కటే చదివాను. ఏది తీసేస్తే ఏది కూలుతుందో చూసుకుని, మిగతా ఊళ్ల వంతులు చెడకుండా అవి మాత్రం కోసేసి, ప్రోగ్రామ్ మళ్లీ నడిపాను. ఎక్కడా ఎర్ర అక్షరం రాలేదు. అంతా అయ్యాక గానీ గమనించలేదు, నేను ఎవర్నీ ఏమీ అడగలేదని.