అలివి వల పాటలో నా చరణం

మా ఇంట్లో నాకంటే ఎక్కువ మర్యాద అందుకునే వస్తువు ఒకటుంది. పెళ్ళి వీడియోలు తీసే రోజుల్లో, మద్రాసులో మూతపడిన ఒక స్టూడియో నుంచి తెచ్చుకున్న టేపు డెక్కు. సినిమా క్యాసెట్లు వేసుకునే ఇంటిరకం పెట్టె కాదు, టీవీ స్టేషన్లలో వాడే జాతి. వ్యానులోంచి దించే రోజున వ్యాను మనిషి, నేను, పక్కింటి అన్నదమ్ములు తలా ఒక మూల పట్టాం. దారిన పోయే గేదె కూడా ఆగి, మా మీద జాలిపడి పోయింది. ముందువైపు బొత్తాలు లెక్కపెడదామని కూచున్న మా మామగారు మధ్యలోనే కునుకు తీశారు. ఆ బొత్తాల్లో నాకు తెలిసినవి గుప్పెడు. మిగతావాటికి దూరం నుంచే నమస్కారం పెట్టేవాణ్ణి.

దాని గొప్ప బొమ్మ చూపించడంలో లేదు. బొమ్మ వెనకాల సంగతులు చూపించడంలో ఉంది. ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే అంకెల వరుస ఒకటి నుదుటి మీద పరుగెత్తుతూ ఉంటుంది. దాన్ని టైమ్‌కోడ్ అంటారు. అది కాక క్యాసెట్టు వీపు మీద నాలుగు బంగారు చుక్కలు, వాటి వెనక ఒక చిప్పు. షూటింగులో ఏదైనా బాగుందనిపిస్తే కెమెరా మీది మార్కు బొత్తాం నొక్కాలి. ఆ చోటు చిప్పులో గుర్తుండిపోతుంది. తర్వాత డెక్కులో పెడితే టేపు తిన్నగా ఆ గుర్తుల దగ్గరికి దూకుతుంది. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళ తండ్రులకు ఈ సంగతి వివరించేటప్పుడు, శ్రీహరికోటలో రాకెట్టు వదిలే మనిషి గొంతు పెట్టేవాణ్ణి. వాళ్ళు భయపడి అడ్వాన్సు ఇచ్చేసేవారు.

ఇప్పుడు పెళ్ళిళ్ళను ఫోన్లే తీసేస్తున్నాయి. డెక్కు పాత పట్టుచీర కప్పుకుని ముందుగదిలో పెద్దముత్తయిదువలా కూచుని ఉంది.

ఈ వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రం మీద వేట ఆపేసిన రోజుల్లో, మా గేటు ముందు మైపాడు వైపు నుంచి వచ్చిన ఆటో ఒకటి ఆగింది. నడివయసుకు దగ్గరపడుతున్న ఒకావిడ, ఆమె చెయ్యి పట్టుకుని ఒక పెద్దాయన దిగారు. పెద్దాయన మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

“అన్నా, నా పెండ్లి వీడియో తీసింది నువ్వే గదా?”

ఈ ప్రశ్న అడిగే ఆడవాళ్ళను చూస్తే నా చూపు ముందు పెరటి తలుపు మీద పడుతుంది. తల తెగిన బంధువులు, కనిపించని మేనమామలు, నాలుగుసార్లు కనిపించే వంటవాడు. ఎన్ని ఫిర్యాదులు మొయ్యలేదు!

“నేనే అయ్యుండొచ్చమ్మా,” అన్నాను జాగ్రత్తగా.

“అయ్యుండేదేంది, నువ్వే. కడుపు తగ్గలేదు గాబట్టి గుర్తుపట్టినా,” అంది. “మా నాయన పాట కావాలన్నా.”

లోపలికి పిలిచి కూచోబెడితే సంగతి చెప్పింది. వాళ్ళ తీరంలో ఇంకా అలివి వల వేస్తారు. పడవ వలను అర్ధచంద్రంలా సముద్రంలో పరిచి వస్తే, ఒడ్డున రెండు వరుసల జనం రెండు తాళ్ళు పట్టి లాగుతారు. అందరి బలం ఒక్క దెబ్బలో పడాలంటే ముందు ఒకడు పాడాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. ఆ పాడేవాడు ఈ పెద్దాయన. పోయిన ఏడాది గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం మిగిలింది, గొంతు పోయింది. వేట మళ్ళీ మొదలైనప్పుడు మొదటి వలకు పాట ఎత్తుకోవాల్సింది ఆమె భర్త.

“ఆయనకు మొదటి రెండు చరణాలే వచ్చన్నా. మామ పాడతాంటే వెనకాల తాడు లాగినోడే గానీ, నేర్చుకున్నోడు కాదు. నాయన చెప్పలేడు, రాయలేడు. ఈయన పాడలేకపోతే పక్క పాలెం నుంచి పాటగాణ్ణి తెస్తామంటాండారు. ఆ మాట చెవినపడిన కాణ్ణించి నాయన సముద్రం దిక్కే పోవడంలా. గోడకు తిరిగి పడుకుంటాండాడు.”

పెద్దాయన తల దించుకుని తువ్వాలు సర్దుకున్నాడు.

“నీకు సీడీ ఇచ్చినాను గదమ్మా?”

“ఇచ్చినావు. వల లాగేకాడ సినిమా పాట పెట్టినావు. మా నాయన నోరు తెరుస్తాడు, ఆడమనిషి గొంతు వస్తాది.”

లోపలి గదిలో నా భార్య నవ్వు వినిపించింది. పెద్దాయన భుజాలు కూడా కదిలాయి. ఆయన నవ్వుకు చప్పుడు లేదని అప్పుడే తెలిసింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజుల్లో ఆ పాట పెట్టడమే నా ఎడిటింగ్ పాండిత్యానికి పరాకాష్ఠ అని నమ్మినవాణ్ణి.

అయితే ఒరిజినల్ టేపులు నేను పారెయ్యలేదు. ఉప్పుగాలికి బూజు పట్టకుండా బియ్యం డ్రమ్ములో, వేపాకు మధ్యన దాచాను. నా భార్య ఆ డ్రమ్మును ‘ఈయనగారి లాకరు’ అంటుంది. వచ్చినావిడ పెళ్ళి తాలూకు క్యాసెట్టు బయటికి తీసి, పట్టుచీర తొలగించి, డెక్కు స్విచ్చి వేశాను.

చిన్న తెర మీద ఒక్క మాట వెలిగింది. లోపల తేమ ఉంది, పని చెయ్యను పొమ్మని దాని అర్థం. సముద్రానికి ఇంత దగ్గర ఊళ్ళో కాపురం ఉంటూ, తేమ ఉంటే పని చెయ్యనని మొండికేసేది మా ఇంట్లో ఇదీ, అగ్గిపెట్టే.

“ఎండలో పెడితే సరి,” అన్నాను ఇంజినీరులా.

మేడ మీద మా ఆవిడ వడియాలు పెట్టుకున్న చాపకు పక్కన, ఎండ నేరుగా తగలకుండా గొడుగు వేసి డెక్కును ఆరబెట్టాం. మెట్లెక్కించేటప్పుడు నా నడుము ఏదో అంది, అది ఇక్కడ రాయతగింది కాదు. మా ఆవిడ వచ్చి చూసింది.

“ఏమయ్యా, దీన్ని కూడా నూనెలో వేయించేదా?”

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక డెక్కు కరుణించింది. కిందికి దించి టీవీకి తగిలించి, క్యాసెట్టు పెట్టాను. బంగారు చుక్కలు పనిచేశాయి. తెర మీద మార్కుల వరుస వచ్చింది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది, పొట్టతో పోటీకి.

“చూడమ్మా, ముఖ్యమైన ప్రతి చోటా అప్పుడే గుర్తు పెట్టినాను. పాట మొదటి మార్కులోనే ఉంటాది.”

మొదటి మార్కుకు దూకాం. దీపాల తోరణం, అందులో ఒక దీపం, ఆ దీపం చుట్టూ పురుగు. రెండో మార్కు: పడవ కొయ్య మీద కాకి. మూడో మార్కు: అదే కాకి, తల తిప్పి. నాలుగో మార్కు: సూర్యోదయం, దాని ముందు సగం తెర ఆక్రమించిన నా నీడ.

“ఎవరి పెండ్లన్నా ఇది?” అంది ఆమె. “కాకిదా?”

నేను కళ గురించి రెండు మాటలు చెప్పబోయాను. మా ఆవిడ కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టింది, నోటికి అడ్డంగా ఉంటుందని.

మార్కులు ఎందుకూ కొరగానివని తేలాక, అంకెలు చూసి వెతకాలి. అక్కడ ఇంకో వింత. గంట నిడివి ఉన్న క్యాసెట్టులో డెక్కు ఇరవై రెండో గంట చూపిస్తోంది! కాస్త ముందుకు తిప్పితే ఆరో గంటకు వెనక్కి దూకుతోంది. తేదీ చూద్దామంటే, ఆ కెమెరాలో నేనెన్నడూ తేదీ సరిచేసిన పాపాన పోలేదు. దాని లెక్క ప్రకారం పెళ్ళినాటికి పెళ్ళికూతురు పలక పట్టుకుని బడికి పోతోంది.

“వేడి తగిలి మతి పోయినట్టుంది,” అని డెక్కు నెత్తిన ఒకటి చరిచాను. మరుక్షణం ఇరవై రెండో గంటలోకే పోయి కూచుంది. దృశ్యంలో పెళ్ళివారి నట్టిల్లు. తాంబూలాలు పంచుతున్నారు. వాళ్ళ తలల మీదుగా గోడగడియారం కనిపిస్తోంది. పది దాటి కొంచెం. డెక్కు అంకెలు చూశాను. ఇరవై రెండు దాటి అంతే కొంచెం.

నా తలలో ఎక్కడో తుప్పు పట్టిన తలుపు కిర్రుమంది. టైమ్‌కోడ్‌ను రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. టేపు తిరిగినంతసేపే లెక్కపెట్టే రకం ఒకటి. షూటింగు ఆగినా సాగినా గడియారంలా నడుస్తూనే ఉండే రకం ఇంకొకటి. ఆ పెళ్ళిలో ఆడపెళ్ళివారి ముందు గొప్ప కోసం, నా చేతిగడియారం చూసి టైము కలిపి, రెండో రకం పెట్టినట్టున్నాను. అంటే డెక్కు చూపిస్తున్నది టేపు నిడివి కాదు, ఆ రోజు టైము!

“ఇది నాకు ముందే తెలుసు,” అన్నాను. “మీరు కనిపెడతారేమోనని చూసినాను.”

“చరిచింది అందుకేనా?” అంది మా ఆవిడ.

నేను ఆ మాట వినిపించుకోకుండా పెద్దాయన కూతురి వైపు తిరిగాను. “వల ఎప్పుడు లాగినారో గుర్తుందా అమ్మా?”

“గుర్తు లేకేం! పెండ్లి మర్నాడు పొద్దున. కొత్త అల్లుడు తాడు మీద చెయ్యి వెయ్యాల గదా, అదే మా ఆనవాయితీ. ఎండ పడినాక, ఇడ్లీలు పెడతాండంగా. ఏడు గావస్తాంటాది.”

డెక్కు మీద పెద్ద చక్రం ఒకటి ఉంటుంది. మెల్లగా తిప్పితే టేపు మెల్లగా, గట్టిగా తిప్పితే గట్టిగా కదులుతుంది. ఏటికి ఎదురీదే నావికుడి ముఖం పెట్టి ఆ చక్రం తిప్పాను. ఏడుకు కొంచెం ముందు తీరం వచ్చింది. తాడు, జనం, ముందు నిలబడి నోరు తెరిచిన పెద్దాయన. అప్పటికి తల నల్లగా ఉంది. నేను సీడీలో సినిమా పాట పరిచింది ఆ బొమ్మ మీదే. కానీ రెండు ఊపులు లాగేలోపే బొమ్మ పక్కకు వాలి, కిందికి జారి, ఇసుకలో ఆగింది. తెర నిండా ఇసుక. ఇసుకలో నా చెప్పులు. చెప్పుల పక్కన ఆకులో ఇడ్లీ. కెమెరా ఆపడం మరిచిపోయి, భుజానికి వేలాడదీసుకుని, టిఫినుకు కూచున్నానన్నమాట.

“అయ్యో, పాయనే!” అంది ఆమె.

బొమ్మే పోయింది. శబ్దం పోలేదు. ఇసుక మీద నా చెప్పులు స్థిరంగా ఉండగా, వాటి మీదుగా పెద్దాయన గొంతు వచ్చింది. కంచులాంటి గొంతు. ఒక చరణం, జనం అందుకోవడం, ఇంకో చరణం, జనం అందుకోవడం. అలలు కూడా ఆ దెబ్బకే విరుగుతున్నట్టున్నాయి. నా ముందు కూచున్న ముసలాయన పెదవులు ఆ గొంతుతో పాటు కదలడం మొదలుపెట్టాయి. కాసేపటికి ఆయన లేచి, డెక్కు దగ్గరికొచ్చి, దాని మూత మీద అరచేత్తో దెబ్బ వెయ్యసాగాడు. ఆ యంత్రాన్ని ఇంకొకరు ముట్టుకుంటే నాకు జ్వరం వస్తుంది. ఆ రోజు రాలేదు.

కూతురు ఫోను స్పీకరు దగ్గర పెట్టి రికార్డు చేసుకుంటోంది. కళ్ళు తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు.

అంతా బాగుంది అనుకుంటుండగా టేపులోంచి, నోటినిండా ఇడ్లీతో, ఒక గొంతు పలికింది.

“చందువా చేప పడితే నాకు పక్కన పెట్టండబ్బా!”

ఆ గొంతు నాది. మరు చరణం ఇలా వచ్చింది:

*భుజం మీద పెట్టె చూడు — లాగు లాగు*
*పెట్టె కింద పొట్ట చూడు — లాగు లాగు*
*తాడు పట్టని చేతికేమో — లాగు లాగు*
*తట్టెడు చేపలు కావాలంట — లాగు లాగు!*

టేపులో తీరమంతా పగలబడి నవ్వింది. గదిలో మా ఆవిడ గోడ పట్టుకుని నవ్వింది. పెద్దాయన మూత మీద దెబ్బ ఆపకుండానే నావైపు కన్ను కొట్టాడు.

అలివి వల దగ్గర అదొక ఆచారమట. ఒడ్డున నిలబడి తాడు ముట్టనివాణ్ణి పాటలో పెట్టి కడిగేస్తారు. ఎవడు దొరికితే వాడి మీద అప్పటికప్పుడు కట్టేస్తారు. ఇన్నేళ్ళూ ఆ నవ్వులు నా కెమెరా చూసి వచ్చినవని అనుకుంటూ బతికాను.

పాట అయ్యాక చాలా హుందాగా అన్నాను. “అమ్మా, ఆ ఫోను ఇటియ్యి. మధ్యలో ఒక నాలుగు లైన్లు అనవసరం. కత్తిరించి ఇస్తాను.”

“వద్దన్నా! వల సగం దూరం వచ్చేకాడ తాడు బరువెక్కుతాది. జనం అలిసిపోతారు. సరిగ్గా ఆడనే నవ్వించాల. అది తీస్తే వల ఆణ్ణే ఆగిపోతాది.”

“అయితే మీ ఆయన్ని ఇంకెవరి మీదనైనా కట్టుకోమను!”

“ఆయనకు కట్టేది రాదన్నా. విన్నది విన్నట్టే పాడతాడు.”

నేను పెద్దాయన వైపు చూశాను, న్యాయం కోసం. ఆయన ఫోను తీసుకుని భద్రంగా జేబులో వేసుకున్నాడు.

వేట మళ్ళీ మొదలైన రోజున మా ఆవిడ నన్ను వదల్లేదు. మైపాడు బస్సెక్కించి ఒడ్డుకు తీసుకుపోయింది. పెద్దాయన పడవ అంచు మీద కూచుని ఉన్నాడు, ముఖం సముద్రానికి తిప్పి. అల్లుడు తాడు ముందు నిలబడి, ఒకసారి మామ వైపు చూసి, పాట ఎత్తుకున్నాడు. గొంతు కంచు కాదు, సత్తు. కానీ చరణాలు వరుసగా, ఒక్కటీ తప్పకుండా వస్తున్నాయి. పెద్దాయన చెయ్యి పడవ మీద దెబ్బ వేస్తోంది. పక్క పాలెం పాటగాడి ఊసే ఎత్తలేదు ఎవరూ.

వల సగం దూరం వచ్చింది. నాకు విషయం తెలుసు. ముందుచూపు ఉన్నవాణ్ణి కాబట్టి, చెప్పులు విడిచి, పరుగున పోయి, రెండు చేతులా తాడు పట్టేసుకున్నాను. ఇక ఏం పాడతాడో చూద్దాం అనుకున్నాను.

“భుజం మీద పెట్టె చూడు!”

“లాగు లాగు!” అంది తీరమంతా, నా వైపు తిరిగి.

“తాడు పట్టని చేతికేమో!”

“అబ్బయా, ఇదిగో పట్టుకోనుండానే!” అని అరిచాను.

“గమ్మున లాగన్నా,” అంది వెనకనుంచి పెద్దాయన కూతురు. “దెబ్బ తప్పుతాది.”

లాగాను.