మా క్లారినెట్ మాబన్న

మా చిన్నప్పుడు... పెళ్లికి పోతే మేము పెళ్లికొడుకు ముఖం చూసేవాళ్లమే కాదు. బ్యాండు సెట్టు ముందు నిలబడి మాబన్న బుగ్గలు చూసేవాళ్లం. క్లారినెట్ నోట్లో పెట్టుకుంటే ఆ బుగ్గలు పూరీల్లా పొంగేవి... ఎర్ర కోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, కాళ్లకు మాత్రం హవాయి చెప్పులు.

మాది బత్తలపల్లె దగ్గర ఒక పల్లె. వాన రాకపోయినా, చెనిక్కాయ పండకపోయినా పెళ్లిళ్లు మాత్రం ఆగేవి కావు. మాబన్న మా ఊరివాడే... పరుపులకు దూది ఏకే హుసేన్ తాత కొడుకు. ఆయన పక్కన డ్రమ్ము వాయించేది నరసింహులు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒక జట్టు.

సినిమా హీరోలకే అభిమానులుంటారని మీరనుకుంటున్నారేమో... చుట్టుపక్కల పల్లెల్లో మాబన్నకు అంతకంటే ఎక్కువ ఉండేవాళ్లు. ముహూర్తం పెట్టించుకోను పోతే అయ్యవారే "ముందు ఆ పొద్దు మాబు ఖాళీగా ఉండాడో లేదో కనుక్కోని రాపోండప్పా" అనేవాడు.

మేము చింతకాయలు తెచ్చి ఆయన ఎదురుగా చప్పరించేవాళ్లం... నోరూరి ఊదలేకపోవాలని. ఆయన కళ్లు మూసుకుని ఊదేవాడు. పాట అయిపోయాక వచ్చి ఆ చింతకాయ లాక్కుని తినేసేవాడు.

అట్లాంటి మనిషి ఒక మాఘమాసంలో... పెళ్లికి పోదామని కదిరి బస్టాండులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. నలభై కూడా నిండలేదు.

ఆ పూట మా ఊర్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. పక్క పల్లెల నుంచి ట్రాక్టర్లలో జనం వచ్చారు. వాళ్లలో సగం మందికి మాబన్నతో మాటల పరిచయం కూడా లేదు... ఆయన పాటతోనే పరిచయం. మా అవ్వయితే సొంత కొడుకు పోయినట్టు ఏడ్చింది.

ఆ దుఃఖంలో మావాళ్లు ఒక సంగతి మర్చిపోయారు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు పోతే ముందు మేళం నడుస్తుంది, వెనక బొరుగులు చల్లుతారు. మా తాతను సాగనంపిన రోజు వాయించింది కూడా మాబన్నే. ఆయనను కూడా అట్లాగే పంపాలని బ్యాండు వాళ్లంతా ఎర్ర కోట్లు వేసుకుని వచ్చేశారు. అవ్వ గంపెడు బొరుగులు తెచ్చింది.

హుసేన్ తాత అరుగు దిగి వచ్చి మెల్లగా చెప్పాడు. "మేళం వద్దప్పా. మాకు ఆ పద్ధతి లేదు."

నరసింహులు డ్రమ్ము మెడలోంచి తీయలేదు. "మా నాయన పోయినప్పుడు వాడు ఊదినాడు గదా హుసేన్ మామా. వానికి నేను వాయించొద్దా?"

"నీ బాధ నాకు తెలీదా... గమ్మున నడువు నాయనా. మాకు అదే మర్యాద."

నడిచారు. అంత జనం, అన్ని వాయిద్యాలు... చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దానికే నా చిన్న ప్రాణం భయపడింది. సాగనంపడానికి తెచ్చిన బొరుగులు ఇంటికి తిరిగి తీసుకుపోకూడదని, అవ్వ ఆ గంపను దారి పక్కన మేకల ముందు బోర్లించింది.

ఆ తర్వాత నరసింహులు డ్రమ్మును ముట్టుకోలేదు. పెళ్లిళ్లవాళ్లు వచ్చి పిలిచినా పోలేదు. "ఊరందరికీ వాయించినా... వానికి వాయించకపోతిని" అనేవాడు. ఎవరు ఎంత చెప్పినా ఇదే మాట.

అప్పుడే మా చిన్నాయన పెళ్లి వచ్చింది. ధర్మవరం నుంచి వేరే సెట్టును పిలిపిద్దామన్నాడు మా నాయన. చిన్నాయన ఒప్పుకోలేదు. "మాబు జాగాలో ఇంగొకడు నిలబడితే నేను చూడలేనన్నా" అన్నాడు.

చివరికి నరసింహులే మా ఇంటికి వచ్చాడు. "ఈ పెండ్లికి వాయిస్తామని తాంబూలం తీసుకునింది మాబు. వాని మాట పోనీను. వస్తా" అన్నాడు.

సాయంత్రం ఎండ దిగుతుండగా ఊరేగింపు బయలుదేరింది. వరుసలో మాబన్న నిలబడే చోటు ఖాళీగా వదిలేసి నడిచారు. హుసేన్ తాత ఇల్లు రాగానే నరసింహులు చెయ్యెత్తి మేళం ఆపేశాడు. చావు జరిగిన ఇంటి ముందు వాయించకుండా దాటిపోవడం మా ఊరి మర్యాద.

హుసేన్ తాత బయటికి వచ్చాడు. "యాలప్పా నిలిపినారు?"

"ఇంట్లో మనిషి పోయినాడు గదా మామా..."

ఆయన కాసేపు ఆ ఖాళీ చోటు వైపే చూశాడు. "ఆ పొద్దు మా పద్ధతి నేను చూసుకుంటి. ఈ పొద్దు పెండ్లి గదా. వాయించు నరసింహులూ... నేనూ వింటా."

నరసింహులు పుల్లలు పైకెత్తాడు. మాబన్న ఎప్పుడూ ఊదే పాటే మొదలుపెట్టాడు. క్లారినెట్ వంతు రాగానే మిగతావాళ్లు ఆపేశారు, డ్రమ్ము ఒక్కటే ఒంటరిగా మోగుతూ ఉంది... ఉన్నట్టుండి వెనక ఊరేగింపు జీపులోంచి ఈల వినిపించింది. బాసికం కట్టుకున్న మా చిన్నాయన ఈల వేస్తున్నాడు. ఈ పెళ్లికొడుక్కి ఏమైందని పెళ్లికూతురి తరఫు వాళ్లు నోరు తెరుచుకుని చూశారు. అంతలో వీధంతా అందుకుంది. ఈల రానివాళ్లు నోటితో పాడారు... ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో అందరికీ తెలుసు. అంతగా విన్నాం ఆయన్ని.

హుసేన్ తాత పాట అయ్యేదాకా గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నరసింహులు ఏడుస్తూనే వాయించాడు. దెబ్బ ఒక్కటీ తప్పలేదు.

ఇప్పుడు మా ఊరి పెళ్లిళ్లకు డీజే వస్తోంది. బాక్సులు మోగితే ఇంట్లో గిన్నెలు అదురుతాయి. పిల్లలు బాగానే ఎగురుతున్నారు, నేను కాదనను... కానీ ఆ బాక్సుల వెనక కూర్చున్న కుర్రాడి పేరు వాళ్లకు తెలీదు. నాకూ తెలీదు. రేపు అతనికి ఏమన్నా అయితే ఊరు ఎవరి కోసం ఏడవాలి...

మీ ఊరి మేళంలో మీరు పేరు పెట్టి పిలుచుకున్న మనిషి ఉండే ఉంటాడు. ఆ పేరు కింద రాయండి... మేమూ ఒకసారి తలుచుకుంటాం.