సరోజక్కకు మౌనం నచ్చదు

గోదావరి గట్టు మీద గాలికి కొవ్వొత్తులు నిలవడం లేదు. వెలిగించినవి వెలిగించినట్టే ఆరిపోతుంటే దుర్గ విసుక్కుని, పళ్ళెంలో కర్పూరం పెట్టి అంటించింది. ఆ వాసన తగలగానే నా కళ్ళముందు రాజమండ్రి పోయి మండపేట వచ్చింది. మిల్లు గేటు దగ్గర కొత్త లారీ, దాని ముందు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి తిప్పుతున్న సరోజక్క. ఇప్పుడు ఎదురుగా వరసగా కట్టిన ఫొటోల్లో ఆమె కూడా ఉంది. హత్యకు గురైన ట్రాన్స్‌జెండర్ల కోసం వాళ్ళవాళ్ళు పెట్టుకున్న సంస్మరణ సభ అది. దుర్గ సరోజక్క చేరదీసిన శిష్యురాలు. నన్ను బస్సెక్కించి తీసుకొచ్చింది ఆమే.

వయసులో ఉన్నప్పుడు ఆ మిల్లులో నేను బస్తాలు మోసేవాణ్ణి. సరోజక్కది నా పక్క గది. కొత్త లారీ వచ్చినా, కొత్త ధాన్యం దిగినా షావుకారు ముందు ఆమెకే కబురు పెట్టేవాడు. ఆమె చేత్తో దిష్టి తీస్తే కలిసొస్తుందని నమ్మకం. బజారులో కొట్లవాళ్ళదీ అదే నమ్మకం. కానీ అది దీవెన వరకే. అదే చేతికి టీ కొట్టువాడు గాజు గ్లాసు ఇచ్చేవాడు కాదు. ఒకనాడు ఒళ్ళు మండి వాడి చొక్కా పట్టుకున్నాను. ఆమె నన్ను వెనక్కి లాగింది.

"వదిలెయ్ తమ్ముడూ. కొడితే వాడొక్కడికే తగులుద్ది. ఇలాగైతే బజారంతా తిరిగి చూస్తుంది" అని, వేళ్ళు విడదీసి అరచేతులు చరిచింది. నిజంగానే అందరూ తిరిగారు. "ఏంటి బాబూ, నా దీవెన పనికొచ్చింది గానీ నా మూతి పనికిరాలేదా?"

వాడు గాజు గ్లాసు తీసి కడిగాడు.

నాకు బడి లేదు. బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి. అది చూసి ఆమె రోజూ పేపరు కొనడం మొదలుపెట్టింది. తనకు చదవడం రాదు. "పైకి చదువు. లోకం సంగతి నాక్కూడా తెలియొద్దా?" అనేది. నోరు తిరగని మాట దాటేస్తే ఇట్టే పట్టేసేది. "ఏంట్రా, గొంతు తడబడింది? మింగేశావు కదూ! కక్కు." నా చదువంతా అలా కక్కిందే. దాంతోపాటే నా కోపానికీ మాటలొచ్చాయి.

మొన్న వేసవిలో, పట్టపగలు, కాలువ రోడ్డు మీద కొందరు ఆమెను కర్రలతో కొట్టి చంపారు. కొట్లన్నీ తెరిచే ఉన్నాయి. పోలీసులు అడిగితే ఎవరూ చూడలేదన్నారు. మర్నాడు పేపర్లో ఒక మూల, 'గుర్తు తెలియని వ్యక్తి మృతి.' అలవాటుకొద్దీ పైకే చదివాను. వినే మనిషి లేదు. గుర్తు తెలియదా? ఆమె గుమ్మడికాయ కొట్టకుండా ఆ ఊళ్ళో రోడ్డెక్కిన లారీ ఉందా? ఆమె దీవించకుండా తలుపు తీసిన కొట్టు ఏదండీ?

సభ నడిపిస్తున్న పెద్దమనిషి మంచివాడే. ఫొటోలకు దండలు వేయించి, మైకు అందుకుని, "దయచేసి అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలండి" అన్నాడు. లేచారు. తలలు వంచారు. ఆ రోజు కొట్లవాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే తలలు వంచుకుని ఉంటారు. నా చేతులు ఆగలేదు. చరిచాను.

"పెద్దాయన గారూ, మౌనమండి" అన్నాడు ఆ పెద్దమనిషి నావైపు తిరిగి, మెల్లగా.

"చంపేటప్పుడు పాటించారు కదండీ బాబూ. ఇంకా ఎంతసేపు?"

దుర్గ కళ్ళు తుడుచుకుని నా చేతులు పట్టుకుంది. "అలా కాదు తాతా. భజనలో కొట్టినట్టు కొడుతున్నావు. వేళ్ళు విడదియ్యి" అంటూ తను చరిచింది. ఆ వెనక ఇంకొకరు, ఆ వెనక అందరూ. రేవులో స్నానాలు చేసేవాళ్ళు నీళ్ళలోంచే తిరిగి చూశారు. పెద్దమనిషి మైకు కింద పెట్టి తనూ చేతులు చరిచాడు.

ఇప్పటికీ పొద్దున్నే పేపరు పైకే చదువుతాను. ఏ మాటా మింగను. 'గుర్తు తెలియని' అన్న చోట ఆగి, వేళ్ళు విడదీసి గట్టిగా ఒక్కసారి చరుస్తాను. ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూస్తారు. చూడాలి మరి.