బొడ్డు ఊడేదాకా

పోయిన నెలలో నరసరావుపేటలో మా మనవరాలు ప్రసవించింది. ఇంటికి పంపుతూ ఆసుపత్రివాళ్ళు చేతికిచ్చిన కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని నేనే చదివాను, ముప్పై ఏళ్ళకు పైగా పల్లెల్లో నర్సుగా తిరిగినదాన్ని, అలాంటి కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. బిడ్డ పుట్టగానే బొడ్డు కోయలేదట, మాయలోని రక్తం బిడ్డకు చేరాలని డాక్టరమ్మ రెండు మూడు నిమిషాలు ఆగిందట, అట్లా ఆగితే పిల్లలకు రక్తం తక్కువ కాదని మనవరాలు నాకే పాఠం చెప్పింది. మా రోజుల్లో బిడ్డ కేరుమనగానే కత్తెర వేసేవాళ్ళం, ఎంత త్వరగా కోస్తే అంత పనిమంతురాలని పేరు. సరే, కాలం మారిందిలే అనుకుని కిందికి చదువుతూ పోతే, బొడ్డుకు పసుపు, నూనె, పౌడరు, స్పిరిట్ ఏవీ రాయవద్దని ఉంది. ఆ స్పిరిట్ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఆ మనవరాలి తల్లి, అంటే నా కూతురు, పుట్టింది ముప్పాళ్ళ దగ్గర మా అత్తగారి ఊళ్ళో. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, నేను ట్రైనింగులో ఉండగానే మా అమ్మ పోయింది. నా తోటి నర్సు ఒకామె వచ్చి పురుడు పోసి, బొడ్డుకు దారం కట్టి, నీళ్ళలో మరిగించిన బ్లేడుతో కోసి వెళ్ళింది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే కుటుంబమే మాది, అయినా పురుడు మాత్రం పాత పద్ధతే. ఇరవయ్యొక్క రోజులు తల్లీ బిడ్డా గడప దాటకూడదు, మగవాళ్ళు లోపలికి రాకూడదు, పాస్టరు గారు కూడా వసారాలో నిలబడే ప్రార్థన చేసి వెళ్ళారు. ఉన్న ఒక్క కిటికీకి గాలి తగలకుండా గోనెపట్టా కట్టారు, మంచం పక్కన కుంపటి పెట్టారు. పల్నాటి ఎండాకాలం మీకు చెప్పక్కర్లేదు, నాపరాతి గోడలు చీకటిపడ్డాక కూడా సెగలు కక్కేవి, నాకు ఊపిరాడేది కాదు.

మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. బాలింతలకు పెట్టే కాయం ముద్ద తనే నూరి వేడన్నంలో కలిపి నా నోట్లో పెట్టేది, ఉద్యోగం చేసే కోడలినని ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. ఏడుగురిని కని, ముగ్గురిని నెల తిరక్కుండానే పోగొట్టుకున్న తల్లి ఆవిడ. పొద్దునా సాయంత్రం పాతగుడ్డ కాల్చిన మసిని ఆముదంలో రంగరించి చిన్న గిన్నెలో తెచ్చి, బిడ్డ బొడ్డుకు వేలితో మెల్లగా రాసేది. అట్లా రాయవద్దని ఊరూరా అరుగుల మీద బొమ్మల చార్టులు విప్పి చెప్పి జీతం తీసుకున్నదాన్ని నేను. రెండుసార్లు వద్దన్నాను. “నీ సదువు డ్యూటీలో సూపిచ్చుకో అమ్మాయ్, ఈడ కాదు” అంది. బయట ఎంత నోరున్నదాన్నైనా ఆ గదిలో నేను ఒట్టి బాలింతనే గదా.

మాట్లాడలేక దొంగపని మొదలుపెట్టాను. ఆవిడ అటు వెళ్ళగానే నా సంచిలోంచి స్పిరిట్, దూది తీసి ఆ మసిని తుడిచేసేదాన్ని. సాయంత్రానికి మసి నిలవడం లేదని ఆవిడ ఇంకాస్త దట్టంగా రాసేది, నేను ఇంకాస్త గట్టిగా తుడిచేదాన్ని. మా ఇద్దరి ప్రేమా ఆ వేలెడంత బొడ్డు మీదే పడింది. ఆరోరోజుకు బొడ్డు చుట్టూ ఎర్రబడి, దూదికి రక్తం అంటింది. అది మసి వల్లో నా తుడుపు వల్లో నాకే తెలియలేదు. ఆవిడను ఆపాలంటే నా దొంగతనం ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఆ ఇంట్లో తలెత్తుకోలేను, అట్లా రెండు రోజులు లోలోపల ఏడుస్తూ గడిపేశాను. మావారు పత్తి మిల్లు నుంచి వచ్చి వసారాలో కూర్చుంటే బొడ్డు ఎర్రబడిందని తలుపు సందులోంచి చెప్పాను, అమ్మనడుగు అన్నారు.

ఎనిమిదోరోజు పొద్దున బిడ్డ రొమ్ము పట్టలేదు, ఒళ్ళు కాలిపోతోంది. అత్తగారు గిన్నెతో వచ్చింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకుని, తుడుస్తున్న సంగతంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ గిన్నె వంక చూస్తూ, “బతికినోళ్ళకీ ఇదే రాశా, పోయినోళ్ళకీ ఇదే రాశా. ఏమీ చెయ్యకుండా ఎట్టా కూసునేదమ్మా” అంది. గిన్నె కింద పెట్టి, బిడ్డను తన పమిట కొంగులో చుట్టుకుని, నాకంటే ముందు ఆవిడే గడప దాటింది. వసారాలో మావారు లేచి నిలబడితే, “పోయి బస్సు ఆపరా” అని కేక వేసింది.

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు గారు బొడ్డు చూసి మండిపడ్డారు. మసి పూసిందెవరని అడిగితే అత్తగారు నేనేనయ్యా అంది. ముసలిదానివి నీకు బుద్ధిలేదు, పక్కన నర్సు కోడల్ని పెట్టుకుని పసిదాన్ని చంపుకునేదానివి అని నలుగురిలో కడిగేశారు. ఆవిడ తల దించుకుని వింది, దూది మాట ఎత్తలేదు. ఎత్తవలసినదాన్ని నేను. నర్సునన్న పరువు నోరు నొక్కేసింది. వారం రోజుల సూదులతో బిడ్డ దక్కింది. ఇంటికొచ్చాక ఆవిడ, “ఇప్పుడు నేనేం చెయ్యాల?” అని అడిగింది, ఏమీ చెయ్యొద్దత్తమ్మా అన్నాను. మా రెండోవాడు పుట్టినప్పుడు ఆవిడ పురిటిగదిలోకి రానేలేదు, బొడ్డు ఊడేదాకా గుమ్మం అవతలే చాప వేసుకుని కూర్చుంది. చేతులు కడుక్కుని కాసేపు బిడ్డను ఎత్తుకోమని ఆవిడతో అనాలని నాకు తోచలేదు.

ఇప్పుడు పురిటిగదులు లేవు, కుంపట్లు లేవు, మసి రాసే వేళ్ళూ లేవు. పిల్లలు బతుకుతున్నారు, అంతకన్నా ఏం కావాలి. కానీ ఆ తరం ఆడవాళ్ళను ఎన్ని ఊళ్ళలో ఎంతమందిని అట్లా గుమ్మం అవతల కూర్చోబెట్టానో తలుచుకుంటే దుఃఖం వస్తుంది. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. దూది సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పోయిన నెల ఆసుపత్రిలో నేను ఆ కాగితం మడుస్తుంటే నా కూతురు మనవరాలి పక్కన కూర్చుని, “మా నాయనమ్మ బొడ్డుకి మసి పూసి నన్ను చంపబోయిందంటనే” అంది. బాలింత నవ్వింది, కాగితం ఇచ్చిన నర్సు నవ్వింది. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.